నాలుగో చుట్టు

నూకరాజు నిన్న మరలు కోసిచ్చిన షట్టరు స్క్రూ రాడ్డుని రైతు అబ్బులు మోసుకొచ్చి లేతు షాపు గుమ్మంలో దబ్బున పడేశాడు.

"మూడు చుట్లు ఎక్కి నాలుగో చుట్టులో పట్టేసింది. మురుగుకాలువ షట్టరు జానెడు కూడా లేవలేదు. ఈనిన చేను నాలుగు రోజుల్నుంచి నీళ్లలో మురుగుతోంది. 'పోయి బిగించుకో, అంతే' అన్నావా లేదా?"

నూకరాజు పదేళ్లుగా సత్తార్ మేస్త్రి దగ్గర లేతు పని చేస్తున్నాడు. తన చేతి పని ఏనాడూ తిరిగి రాలేదని ఊరంతా చెప్పుకుంటాడు. అలాంటివాడు సిగ్గుపడతాడా? మండిపడ్డాడు.

"నీ నట్టు తుప్పు పట్టుంటుంది. కాస్త ఆయిలు పోసి గట్టిగా తిప్పాల్సింది!"

"గునపం దూర్చి నలుగురం తిప్పాం. ఇంకెంత గట్టిగా తిప్పమంటావు?"

లోపల టీ తాగుతున్న మేస్త్రి గ్లాసు పక్కన పెట్టాడు.

"మరకీ మరకీ ఎడం ఎంత పెట్టావురా?"

"ఐదు మిల్లీమీటర్లు."

"విరిగిన పాత రాడ్డుకెంత?"

నూకరాజు గొంతు లేచింది. "అది దొరల కాలం నాటి అంగుళాల లెక్క గురూగారూ. అంగుళానికి ఐదు మరలు. ఇప్పుడెవడు కోస్తున్నాడది? మన లేతు మిల్లీమీటర్లది. ఆ లెక్క రావాలంటే గేర్లన్నీ విప్పి నూట ఇరవై ఏడు పళ్ల గేరు ఎక్కించాలి. ఇంతా చేస్తే తేడా ఎంత? వెంట్రుకవాసి! దానికే పట్టేస్తుందా? నట్టుదే తప్పు. మీరైనా చెప్పండి!"

మేస్త్రి లేచి మూలకి వెళ్లాడు. అబ్బులు కొలతకి ఇచ్చిన ఆ పాత రాడ్డు తెచ్చి బల్ల మీద పెట్టాడు. కొత్తదాన్ని దాని పక్కకి చేర్చి, రెండు దువ్వెనలు కలిపినట్టు, దీని మర దాని గాడిలో పడేలా నొక్కి పట్టాడు.

"ఇదిగో, కూర్చుంది కదా!" ఇటు చివర వేలు పెట్టి అరిచాడు నూకరాజు. "కళ్లు పెట్టుకుని చూడవయ్యా అబ్బులూ!"

మేస్త్రి అతని మణికట్టు పట్టుకుని, ఆ వేలిని మరల మీదుగా ఈడ్చుకుపోయాడు. ఒకటి, రెండు, మూడు. ఆ తర్వాత మర గాడిలోంచి కొద్దికొద్దిగా పక్కకి జరుగుతూ వచ్చింది. ముప్ఫయ్యో మర దగ్గర మరకి ఎదురుగా మరే ఉంది. రెండు రాడ్ల మధ్యలోంచి కింద బల్ల చెక్క కనిపిస్తోంది.

మేస్త్రికి అప్పుడొచ్చింది కోపం. గొంతు మాత్రం పెంచలేదు.

"వెంట్రుకవాసే. కాదనను. కానీ చుట్టు చుట్టుకీ తప్పావు."

నూకరాజు మరల మీంచి వేలు తీసేశాడు. అబ్బులు వైపు తిరిగాడు.

"తప్పు నాదేనండీ, అబ్బులుగారూ."

"ఆ మాట నా చేనుకి చెప్పు," అన్నాడు అబ్బులు.

నూకరాజు స్పానరు తీసుకుని, తల ఎత్తకుండా గేర్ల మూత విప్పడం మొదలుపెట్టాడు.