ఐసు కరిగిన రోజు

నిడమర్తి పురుషోత్తం గారికి ఒక అలవాటు ఉంది. ఎవరైనా వచ్చి ‘ఏం చేయమంటారు’ అని అడిగితే సలహా చెప్పరు. తాను చూసిన సంగతి ఒకటి చెప్పి ఊరుకుంటారు. ఇంధన ఒప్పందాల చర్చల్లో దేశం తరఫున ఏళ్ల తరబడి కూర్చున్న మనిషి. రిటైరయ్యాక హైదరాబాదులో యువ అధికారులకు పాఠాలు చెబుతున్నారు. శిష్యులందరికీ ఆయన మాస్టారు.

ఆ ఆదివారం ఆయన ఇంటికి వచ్చిన గొర్లె హైమవతి పూర్వం ఆయన దగ్గర చదువుకున్నదే. ఇప్పుడు ఇంధన శాఖలో అధికారి. ఆ వారంలో అయిదు ప్రభుత్వాల ప్రతినిధులు హైడ్రోజన్ మీద సమావేశమవుతున్నారు. మన వైఖరి ఏమిటో మర్నాడు ఉదయం ఆమె మంత్రికి చెప్పాలి.

ఎండ నుంచీ గాలి నుంచీ వచ్చే కరెంటుతో నీటిని విడగొట్టి తీసే ఇంధనం అది. ఉక్కు కొలిమికీ ఎరువుల ఫ్యాక్టరీకీ పనికొస్తుంది, పొగ రాదు. అమ్ముతామనే దేశాలున్నాయి, కొంటామనే దేశాలున్నాయి. బజారు మాత్రం ఇంకా తెరుచుకోలేదు. కొంటామని సంతకం పెట్టండి, ఫ్యాక్టరీ కడతాం అని మనవాళ్లు అంటున్నారు. ఫ్యాక్టరీ కట్టండి, చూసి సంతకం పెడతాం అని అవతలివాళ్లు. ఇంతకుముందు జరిగిన సమావేశాలన్నీ ఈ రెండు వాక్యాల మధ్యే ముగిశాయి. శ్రీకాకుళం జిల్లాలో, హైమవతి పుట్టిన ఊరికి దగ్గర్లో, సముద్రం ఒడ్డున ఈ ఫ్యాక్టరీ కోసం చదును చేసిన నేలలో తుమ్మ మొక్కలు లేచాయి. ఈసారి కూడా తేలకపోతే వేరే తీరం చూసుకుంటామని కంపెనీ వాళ్లు చెప్పేశారు.

“మనం ముందు దిగి, తీరా వాళ్లు కొనకపోతే అది నా మెడకు చుట్టుకుంటుంది. దిగకపోతే ఆ నేల తుమ్మల పాలే. ఎవరు ముందు దిగాలి మాస్టారూ?” అని అడిగింది హైమవతి.

మాస్టారు కాఫీ గ్లాసు పక్కన పెట్టి, “మీ జిల్లా సంగతే ఒకటి చెబుతాను” అన్నారు.

ఆయన మొదటి ఉద్యోగం మత్స్యశాఖలో. ఉప్పుటేరుకు ఒక గట్టున సాగి నీలాద్రిరాజు అనే ఆయన ఐసు ఫ్యాక్టరీ. ఎదుటి గట్టున దిబ్బలపాలెం, అక్కడ పడవలు. వేసవి వేట నిషేధం ఎత్తేసిన కొత్తలో దూరపు నీళ్లలో చేప బాగా పడుతుంది. కానీ అంత దూరం పోయినవాళ్లు అదే రోజు తిరిగి రాలేరు. పడవలో ఐసు లేకపోతే పట్టినదంతా కుళ్లిపోతుంది. అటు ఐసు దిమ్మ గట్టిపడాలంటే ఒక పగలూ రాత్రీ మిషను తిరగాలి.

ఒక ఏడాది రాజుగారు ఐసు చేసి ఉంచితే పడవలు కదల్లేదు. మరో ఏడాది పాలెంవాళ్లు వలలు ఎక్కించి కూర్చుంటే ఐసు రాలేదు. రెండు గట్లకూ అనుభవం ఉంది. ఇద్దరి అనుమానమూ న్యాయమైనదే.

ఆ తరవాతి ఏడు కుర్ర అధికారి పురుషోత్తం రెండు పక్షాలనూ కూర్చోబెట్టాడు. ఐసు ధర, చేపల్లో వాటా ఒక్క పూటలో తేలిపోయాయి. పడవ ముక్కు మీద చెయ్యి వేసి చెప్పిన మాట ఆ తీరంలో ఎవరూ తప్పరు. ముందు రాజుగారు చెయ్యి వేశారు. “మీ వలలు పడవ ఎక్కిన క్షణాన నా మిషను తిరుగుతుంది.” తరవాత పాలెం పెద్ద మైలపల్లి ఎర్రయ్య వేశాడు. “బాబుగారి మిషను చప్పుడు ఇనబడిన చనాన మా వలలు పడవెక్కుతాయి.” అందరూ చప్పట్లు కొట్టారు. ఒప్పందం కుదిరిందని అధికారి పైకి నివేదిక పంపాడు.

మర్నాడు మిషను తిరగలేదు. వలలూ ఎక్కలేదు. ఎవరూ మాట తప్పలేదు.

“ఏటి బాబూ, మిసనుకి జొరమొచ్చిందేటి?” అని ఒక గట్టు నుంచి కేక.

“మీ వలలకు ముహూర్తం కుదరలేదా ఇంకా?” అని అటు నుంచి జవాబు.

ఇలా వేళాకోళాలు సాగుతుండగా దక్షిణాది మరపడవలు దూరంగా కనబడుతూనే ఉన్నాయి. ఆ నీళ్లలో చేపను అవి తోడుకుపోతున్నాయి.

చివరికి పాలెంలో రెండు పడవలున్న నూకాలమ్మ ఏరు దాటి ఫ్యాక్టరీకి వచ్చింది. ఆమెతో పాటు ఎర్రయ్య, వెనకే అధికారి.

“ఏమ్మా, వలలు ఎక్కించారా?” అన్నారు రాజుగారు.

“నేదు బాబూ. లాభం ఎలా పంచుకోవాలో ఆ రోజు సెప్పుకున్నాం. ఐసు కరిగిపోతే ఆ నీళ్లు ఎవులివో సెప్పుకోనేదు. అదడగడానికొచ్చాను.”

రాజుగారు నవ్వారు. “గాలి తిరిగి మీరు పోలేకపోతే నేనేం చేశానమ్మా?”

“గాలి మీది కాదు, మాదీ కాదు. అందుకే సగం మీకు, సగం మాకు.”

ఎర్రయ్య ఆమె వంక కోపంగా చూశాడు. చేపే పట్టకుండా నష్టం మాటేమిటని అతని బాధ.  కానీ రాజుగారు లేచి, తనే ఏరు దాటి, పడవ ముక్కు మీద చెయ్యి వేశారు. ఆయన చెయ్యి పక్కన ఎర్రయ్య కూడా వేయక తప్పలేదు. ఆ సాయంత్రం మిషను మోగింది. అదే వేళకు వలలూ ఎక్కాయి.

పడవలు బయల్దేరాల్సిన ఉదయం నిజంగానే గాలి తిరిగింది. సముద్రం మీదికి పోయే వీల్లేదు. దిమ్మలు కరిగి నీళ్లు ఏట్లోకి కారుతుంటే రెండు గట్ల మీదా జనం నిలబడి చూశారు. కొట్లాట తప్పదనుకున్నాడు అధికారి. పాలెంవాళ్లు తమ సగం పొద్దుగూకే లోపే తెచ్చి ఇచ్చారు. తన సగం గురించి రాజుగారు ఎవరి దగ్గరా ఎత్తలేదు. మళ్లీ తెల్లవారేసరికి, ఎవరూ అడగకుండానే, మిషను తిరుగుతోంది. అవతల వలలు ఆరవేసి ఉన్నాయి, గాలి నెమ్మదిస్తే ఎక్కించడానికి.

మాస్టారు ఆగిపోయారు. హైమవతి “ఇంతకీ ముందు దిగింది ఎవరు? రాజుగారా, పాలెంవాళ్లా?” అంది.

“ఆ తరవాత ఆ ప్రశ్న అక్కడ ఎవరూ వేయలేదమ్మా.”

ఆమె ఒళ్లో ఒప్పందం ముసాయిదా ఉంది. అయిదు ప్రభుత్వాలూ కలిసి రాసుకున్నది, చాలా లావుగా ఉంది. మాస్టారు దానివైపు చెయ్యి చూపించారు.

“ఐసు కరిగిన రోజు అందులో ఏ పేజీలో ఉందో చూడు.”