ఊడ్పుల పాటకు దిద్దుబాటు

పాట రాసేవాడు పాట సొగసు చూసుకుంటే చాలదా, అది లోకంలోకి వెళ్ళి ఏం చేస్తుందో కూడా అతనే చూసుకోవాలా అని రాజారావు ఒకనాడు గురువును అడిగాడు. ప్రశ్నలో వినయం కన్నా విసుగే ఎక్కువ. అతని కొత్త పాటను గురువు రెండు వారాలుగా చదవడం, ఏమీ అనకుండా పక్కన పెట్టడం జరుగుతోంది. అవతల రికార్డు చేసేవాళ్ళు తొందరపెడుతున్నారు.

గురువు తవిటయ్య గారికి వాదం చేతకాదు. ఏం అడిగినా తన బతుకులోంచే ఒకటి తీసి చెప్పేవారు. అదీ తనకు పరువు తెచ్చేది కాదు.

ఆయన ఇరవై రెండేళ్ళప్పుడు పట్నంలో ఛందస్సు చదువుకుని ఊరికి వచ్చారు. కళ్ళు నెత్తికెక్కిన వయసు. ఊళ్ళో వరి ఊడ్పులు సాగుతున్నాయి. మేనత్త అసిరమ్మ పాట ఎత్తుకుంటే ముప్పైమంది ఆడవాళ్ళు అందుకుని, ఆ లయకే నాటుకుంటూ వెనక్కి నడిచేవారు. ప్రతి చరణం చివరా "ఓ..." అని ఒక పొడుగాటి సాగదీత. దానికి అర్థమూ లేదు, అందమూ లేదని ఈయనకు తోచింది. ఆ ఖాళీలన్నిటా చక్కని మాటలు పొదిగి, పాటను బిగించి, అత్తకే నేర్పారు. మేనల్లుడి విద్యకు ఆమె మురిసిపోయింది. రెండు రోజుల్లో అందరి నోటా అదే పాట.

పాట నిజంగానే బాగుంది. కొంప ముంచింది అదే. నాలుగు రోజులు పట్టే మడి రెండున్నర రోజుల్లో అయిపోయింది. కామందు సంబరపడి నలుగురిలో కవికి శాలువా కప్పాడు. సిగ్గులేకుండా కప్పించుకున్నానని ఆయనే చెప్పారు.

ఆ సాయంత్రం శాలువా చూపిద్దామని వెళితే అసిరమ్మ లేవలేక గోడకు చేరబడి ఉంది.

"పాట బాగుందిరా నాయనా," అందామె. "నడుమెత్తే చోటే లేకుండా రాసీసినావు."

ఆ "ఓ" దగ్గరే ముప్పై నడుములూ ఒక్కసారి నిటారుగా లేచి ఊపిరి పీల్చుకునేవి. చిన్నప్పటి నుంచి గట్టు మీద నిలబడి పాట విన్నవాడు, పాడేవాళ్ళను ఒక్కనాడూ చూడలేదు.

మర్నాడు పక్క మడిలో అసిరమ్మ పాత పాటే ఎత్తుకుంది. కామందు ఆపించి, కొత్తది పాడమన్నాడు. ఆమె పాడలేదు. ఆ మరుసటి రోజు నుంచి ఆమెకు పిలుపు లేదు. కడుపు కోసం మిగతావాళ్ళు కొత్తదే పాడారు.

"మీరు ఆ పాటను మళ్ళీ దిద్దలేదా?" అని రాజారావు అడిగాడు.

"దిద్దాను. ఎవరూ పాడలేదు," అన్నారు తవిటయ్య గారు. "మొదటిదే అంత బాగా కుదిరింది."