పాదులగుడిలో పార పట్టిన స్వామి

పాదులగుడికి వచ్చే భక్తులకు ముందుగా ఒక మనవి. గుడి వాకిట్లో తలకు గుడ్డ చుట్టుకుని, చేత పార పట్టి నిలబడిన రాతి విగ్రహం ఎవరో కూలివానిది కాదు. మరణాన్ని గెలిచి లేచిన మన ప్రభువుదే. ఏటా ఎంతోమంది ఆ విగ్రహం పక్కనే చెప్పులు విడిచి, "స్వామి ఎక్కడండీ?" అని అడుగుతూ లోపలికి పోతున్నారు. ఒక దాత అయితే మరీ ముందుకు వెళ్లి, ఆ పార తీసేసి ఇత్తడి దండం పెట్టిస్తానని సెలవిచ్చారు. పార పడితే దేవునికి పరువు తక్కువా? ఆయన మొట్టమొదట మనిషిని ఉంచింది మేడలో కాదు, తోటలో. ఆయన లేచిన ఉదయాన శిష్యురాలు మగ్దల మరియమ్మ ఆయనను చూసి తోటమాలి అనుకుంది. ఆమె పొరబడిందని లోకమంతా అంటుంది. మేము మాత్రం అనము.

పూర్వం ఇక్కడ గుడి లేదు, ఊరూ లేదు. ఏటి అవతలి పెద్ద ఊరికి కూలికి పోయే కతోలిక కుటుంబాలు ఈ రాళ్ల మిట్ట మీద గుడిసెలు వేసుకుని బతికేవి. పెద్ద ఊరి బావిలో చేద వేయడానికి వారికి హక్కు లేదు. ఆ బావిని తవ్వింది వారి తాతలే! ఈ అన్యాయం చాలదన్నట్టు ఒక ఏడు అక్కడి మునసబు కన్ను మిట్ట మీద పడింది. "ఆకు మొలవని నేల మీకెందుకురా? ఈస్టరు దాకా చూస్తా. పచ్చదనం కనబడిందా సరే. లేదా, కంచె వేయించి నా గొడ్లను కడతా," అని నలుగురి ముందూ అన్నాడు. అక్కడ ఏదీ మొలవదని అతని ధీమా. ఎంత తిన్నా పక్కవాడి విస్తరి మీదే కన్ను వేసే మనుషులు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు.

మిట్ట మీద శౌరీలమ్మ అనే వితంతువు ఉండేది. విత్తనాలకు పురుగు పట్టకుండా పొయ్యి బూడిద పట్టించి దాచడం ఆమె ఇంటి అలవాటు. కనుక మట్టిలోకి పోయేదానికి బూడిద పూస్తారని ఆమె అనుకుంది. ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం నాడు గుడిసెల నడుమ పాకలో పూజ జరిగింది. నువ్వు మట్టివి, మట్టికే పోతావని చెబుతూ, పూజ చేసిన గురువు ఆమె నుదుట విభూది రాశాడు. వెంటనే ఆమె కొంగుముడి విప్పి బీరగింజలు చాపింది.

"వీటిక్కూడా రాయండి సామీ. ఇయ్యీ మట్టిలోకే పోతన్నయ్," అంది.

జనానికి జపాలు నేర్పే ఉపదేశి రాయప్ప మండిపడ్డాడు. "బుద్దుందా అమ్మే? విభూది బీరగింజలకా? తపస్సు కాలంలో మోకాళ్లేసి ఏడవాల్సింది పోయి పెరడు తవ్వుతావా?"

గురువు విభూది గిన్నె పట్టుకుని పక్కవారి దగ్గరికి జరిగాడు. అలా తప్పుకోవడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

"ఏడిస్తే మునసబు కంచె ఆగుద్దా రాయప్పన్నా? ఉన్న కాస్త నేలా పోతే మోకాళ్లు ఎక్కడెయ్యాలి?" అని, శౌరీలమ్మ తన నుదుటి విభూదినే తుడిచి గింజలకు పట్టించింది.

మర్నాటి నుంచి జపమాల చెప్పుకుంటూ గుడిసె ముందు రాళ్లు ఏరింది. బియ్యం కడిగిన నీళ్లు, స్నానం చేసిన నీళ్లు పట్టి ఉంచింది. సాయపడాల్సిన ఇరుగుపొరుగు నిలబడి నవ్వారు. ఒక్క పాదు తవ్వేసరికే ఆమె రెక్కలు పడిపోయాయి. వారం తిరగకముందే ఒక మధ్యాహ్నం ఆమె అలసి కునుకు తీస్తుండగా పార చప్పుడు వినిపించింది. లేచి చూస్తే, తలకు గుడ్డ చుట్టిన పరాయి మనిషి ఒకడు ఎండలో గుంటలు తవ్వుతున్నాడు. కంచె వేయడానికి మునసబు పంపిన కూలీ అనుకుని ఆమె భగ్గుమంది.

"ఎవురయ్యా నువ్వు? ఈస్టరు రాకముందే మా నోట్లో మన్ను కొడతన్నావా? సాటి కూలోడివి, సిగ్గు లేదా?"

ఆయన పని ఆపలేదు. "కంచెకు కాదమ్మా, పాదులకి. గింజలు పట్రా," అన్నాడు.

కోపం తగ్గలేదు గానీ, ఎండన పడి తవ్వుతున్న మనిషికి గంజి పోయకుండా ఉండలేక ఆమె లోపలికి వెళ్లింది. ముంతతో తిరిగి వచ్చేసరికి ఆయన లేడు. ప్రతి గుడిసె ముందూ ఒక పాదు ఉంది. పార అక్కడే ఉంది. దాని పిడి మీద, అరచేతులు పట్టే చోట, రెండు నెత్తుటి మరకలు ఉన్నాయి. సిలువ మేకులు దిగిన చేతులు గుర్తొచ్చి, తాను ఎవరిని తిట్టిందో తెలిసి శౌరీలమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది.

ఆ సాయంత్రం ఆమె విభూది గింజలు ఇంటింటికీ పంచింది. రాయప్ప కూడా చెయ్యి చాపాడు. ఈస్టరు నాడు మునసబు బండెడు గుంజలతో కంచె వేయడానికి వచ్చేసరికి మిట్టంతా బీరతీగలు, పసుపు పూలు.

"వేళకే తెచ్చారు దొరా. తీగలు నేల మీద పాకతన్నయ్, పందిరికి గుంజలు లేవు. దింపించండి," అంది శౌరీలమ్మ.

మునసబు అన్న మాట తప్పబోయాడు. కానీ బండి తోలుకొచ్చిన అతని కూలీలే గుంజలు దింపి పందిళ్లకు పాతడం మొదలుపెట్టారు. అతను ఒంటరిగా ఇంటికి పోయాడు. తరువాత ఆ పాదుల నడుమ కట్టుకున్న గుడే పాదులగుడి.

నేటికీ ఇక్కడ విభూది బుధవారం నాడు ఎవరూ నుదుటి విభూదితో పడుకోరు. దానిని గింజలకు తుడిచి పెరట్లో పెడతారు. తొలి కాయను స్వామి ముందు చూపి, పెరడు లేని ఇంటికి ఇస్తారు. అలా చేసిన ఇంట కూరకు కరువు ఉండదని, వారి నేల అన్యాయంగా చేజారదని పెద్దల నమ్మకం. గజం నేల లేనివారు పగిలిన కుండలోనైనా ఒక గింజ పెట్టండి. అంతేగాని బజారులో కొన్న కాయ తెచ్చి, పెరట్లో కాసిందని స్వామి ముందు బొంకకండి. ఆయన తోటమాలి. కాయను కాదు, ముందు మీ గోళ్లలో మట్టిని చూస్తాడు.