కనుమ ఎక్కబోయిన గాడిద

మంచుకొండల మధ్య ఎత్తైన కనుమ ఒకటి. ఉప్పు మోసే జడల బర్రెలు ఏటా ఆ దారినే అవతలికి పోయేవి. ఆ ఏడు మైదానం నుంచి చుక్కయ్య అనే గాడిద కూడా వాటితో బయల్దేరాడు. వాడికి నిలకడ లేదు. కాళ్లకి చక్రాలు కట్టుకు పుట్టావురా అని వాళ్లమ్మే తిట్టేది.

సగం కొండ ఎక్కాక మంద మూటలు దించింది. అక్కడ మూడు రోజులు మేసి, ఊపిరి కుదిరాకే పైకి పోవడం ఆనవాయితీ.

"మూడు రోజులా? ఊరికే కూర్చుని ఏం చేస్తాం పెద్దమ్మా?" అన్నాడు చుక్కయ్య, కాలితో రాళ్లు గీకుతూ.

"ఊపిరి పీల్చుకుంటాం," అంది ముసలి జడల బర్రె. "ఈ గాలిలోనే పుట్టిన మేమే ఆగుతున్నాం నాయనా. పైకి పోయేకొద్దీ గాలి పలచన. గుండె దడదడలాడితే ఆగు, తల తిరిగితే దిగు."

చుక్కయ్య బుర్ర ఊపాడు. ఊపడానికేం, గాడిదలన్నీ ఊపుతాయి. తెల్లారగానే మంద మేతలో ఉండగా మెల్లగా జారుకున్నాడు.

దారిలో నక్క ఎదురైంది. "ఒక్క పూటలో కనుమ దాటినవాడిదే అవతలి పచ్చికంతా అల్లుడూ. మధ్యలో ఆగేది పిరికివాళ్లే," అంది. కొండమీద కూలిన జంతువులే దాని తిండి మరి.

వాడు పరిగెత్తాడు. మధ్యాహ్నానికి గుండె రోకలిపోటులా కొట్టుకుంది. తల పగిలిపోతోంది, దగ్గితే నురగ. కూలబడ్డాడు. పక్కనే నక్క మూతి నాక్కుంటూ కూర్చుంది. అప్పుడు వేసింది భయం. పెద్దమ్మ మాట గుర్తొచ్చింది. దిగాలి, కానీ ఒంట్లో ఓపిక లేదు.

"మామా, నేనెలాగూ పోతాను," అన్నాడు రొప్పుతూ. "ఇక్కడ చస్తే గడ్డకట్టి రాయినవుతాను, నీ పళ్లు విరుగుతాయి. కింద ఎండలో చస్తే మెత్తగా ఉంటాను. మెడతాడు పట్టి కాస్త లాగు."

నక్కకి నోరూరింది. తాడు కరిచి లాగింది. రెండు మలుపులు దిగారు. నాలుగో మలుపులో దగ్గు తగ్గింది. ఆరో మలుపులో కళ్లముందు మసక పోయింది.

"ఇంకా చావవేం?" అంది నక్క పళ్ల సందునుంచి.

"ఇంకాస్త కిందికి మామా."

మంద కనిపించింది. చుక్కయ్య ఆగాడు. "ప్రాణం తోకదాకా వచ్చింది, వెనక్కొచ్చి చూడు."

అధికారి ముందుకీ గాడిద వెనక్కీ పోకూడదని నక్కకి ఎవరూ చెప్పినట్టు లేదు. వెళ్లింది. రెండు కాళ్లూ కలిపి ఒక్క తన్ను. రాలిన పళ్లు అక్కడే వదిలి కుంటుకుంటూ కొండెక్కింది.

చుక్కయ్య వచ్చి పెద్దమ్మ పక్కన చతికిలబడ్డాడు. "ఎన్ని రోజులు ఆగాలన్నావు?"

"నీకైతే వారం."

వారమూ రాళ్లు గీకుతూనే ఉన్నాడు, అడుగు మాత్రం కదపలేదు.

దిగడానికి సిగ్గుపడేవాడు కొండ ఎక్కకూడదు.