అలుగు వీరభద్రం పెద్దబడి చదువు

మా వైపు అడవిలో రెండు బళ్ళుండేవి. కొండ కింద వాగు పక్కన చిన్నబడి, కొండ మీద ఇప్పచెట్ల తోపులో పెద్దబడి. చిన్నబడిలో వాన వస్తే ఎక్కడ దాక్కోవాలో నేర్పేవారు. పెద్దబడిలో వాన ఎందుకొస్తుందో నేర్పేవారు. పెద్దబడి పిల్లలే ఎక్కువ తడుస్తారని ఒక మాట ఉండేది గానీ, అది సీటు రానివాళ్ళు పుట్టించిందని నా అనుమానం.

ఆ యేడు పెద్దబడిలో చేరిన కొత్తవాళ్ళలో వీరభద్రం ఒకడు. జాతికి అలుగు. అలుగుని చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను: ఒంటి నిండా ఇంటికప్పు మీద పెంకుల్లా వరసగా పొలుసులు. పళ్ళు లేవు, చీమలు తింటుంది. భయమేస్తే తల కడుపులో దూర్చి బంతిలా చుట్టుకుంటుంది. చుట్టుకుందంటే పులి కూడా విప్పలేక, కాసేపు అటూ ఇటూ దొర్లించి, వేరే పనేదో గుర్తొచ్చినట్టు వెళ్ళిపోతుంది. నాలుక దాదాపు మూరెడు. అంత నాలుక పెట్టుకుని క్లాసులో ఒక్క మాట బయటికి తేలేకపోవడమే మనవాడి ఇబ్బంది.

అలుగుల్లో పెద్దబడి మెట్టెక్కినవాడు ఇతనే మొదలు. సీటిచ్చేటప్పుడే కచ్చితంగా చెప్పారు. "ఇతను నిలబడితే మీవాళ్ళకి యేటా ఒక సీటు ఉంటుంది. మధ్యలో వెళ్ళిపోతే మళ్ళీ అడగొద్దు." దాంతో పుట్టల దిబ్బ మీదున్న అలుగులన్నీ వచ్చి, ఎర్రచీమలు ఆకులో కట్టిచ్చి, కుర్రాణ్ణి సాగనంపాయి. ఒక్కడి వీపు మీద ఒక జాతినంతా ఎక్కించి పంపడం పెద్దలకి ఎప్పటినుంచో ఉన్న అలవాటు.

పెద్దబడి మాస్టారు బకనాథం అనే కొంగ. ఒంటికాలి మీద నిలబడి, కళ్ళు మూసుకుని పాఠం చెప్పేవాడు. చెప్పేది తన గురువుగారు రాయించిన నోట్సు. ఆ ఆకులు పసుపుపచ్చగా మారి, అంచులు రాలిపోయి, రాలిన చోట ఏముండేదో ఎవరికీ తెలియకుండా పోయింది. నేను పి.యు.సి. చదివినప్పుడు మా లెక్కల మాస్టారి దగ్గరా అలాంటి నోట్సే ఉండేది. అయినా ఇది ఆయన కథ కాదు.

మొదటిరోజు పాఠం ముగించి బకనాథం కళ్ళు తెరవకుండానే అడిగాడు. "అర్థమైందిగా?"

తరగతి మొత్తం తలూపింది. కుందేలు శశికళ చెవులతో సహా ఊపింది. దుప్పి కొమ్ములు ఊపితే వెనక కూర్చున్నవాళ్ళకి గీరుకుంది. అందరికంటే ముందు, అందరికంటే నిదానంగా, ఎప్పుడో తెలిసిన సంగతే మళ్ళీ వింటున్నట్టు ఊపినవాడు నక్క జంబులింగం.

వీరభద్రానికి ఒక్క ముక్క అర్థం కాలేదు. చుట్టూ చూశాడు. ఇంతమందికి అర్థమై తనకొక్కడికే కాలేదంటే తేడా తన తలలోనే ఉంది. ఆ తల తీసి కడుపులో పెట్టుకుని అక్కడికక్కడే చుట్టుకున్నాడు.

"ఆ చివర ఏమిటది?" అన్నాడు మాస్టారు పొలుసుల చప్పుడు విని.

"కొత్త అలుగు మాస్టారూ. చుట్టుకున్నాడు."

"చుట్టుకోనీ. అల్లరి చేయడం కంటే నయం."

మర్నాటి నుంచి జంబులింగం స్నేహం మొదలుపెట్టాడు. అతనికి పెద్దబడిలో అది రెండో యేడు. అదే తరగతిలో రెండో యేడు. ఆ సంగతి ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు.

"తమ్ముడూ వీరభద్రం, నాలుగో ప్రకరణం అయిపోయిందా?"

"మాస్టారు ఇంకా రెండోదే కదన్నా చెబుతున్నారు?"

"మాస్టారు చెప్పేదాకా ఆగుతున్నావా? శశికళ ఆరోదాంట్లో ఉంది. దుప్పి మొత్తం ఒకసారి తిరగేసి రెండోసారి మొదలెట్టాడు. పోన్లే, నిన్ను భయపెట్టడం ఎందుకు. చీమలు తిన్నావా?"

తినలేదు. తినబోతుంటే ఈ ప్రశ్న వచ్చింది, ఇంకేం తింటాడు. అసలు అలుగులు రాత్రి తిరిగి పగలు పడుకునే జాతి. పెద్దబడేమో పొద్దున్నే మొదలవుతుంది. టైం టేబుల్ వేసేవాళ్ళకి ఇలాంటివి పట్టవు. నిద్ర లేదు, తిండి లేదు. వారం తిరిగేసరికి ఎవరైనా "పాఠం" అంటే చాలు, వీరభద్రం బంతి. "పాలు" అన్నా బంతే.

జంబులింగానికి ఇతని మీద ఇంత ప్రేమ ఎందుకంటే, బొరియ కోసం. పెద్దబడిలో ఎవరి గది వాళ్ళే తవ్వుకోవాలి. నక్క చేతకాక, బద్ధకించి, పోయినేడు వాననీళ్ళు నిండిన గుంతలోనే కాలం గడిపాడు. వీరభద్రం వచ్చిన రోజే గోళ్ళతో పొడిగా, లోతుగా, రెండు దారులతో బొరియ తవ్వేశాడు. పాఠం రాకపోయినా తవ్వడం వచ్చు. పెద్దబడి వదిలి ఎవరైనా వెళ్ళిపోతే, వాళ్ళ గది పాత విద్యార్థికి చెందుతుందని రూలు. తొలకరి ఇంకో పదిరోజుల్లో ఉంది.

ఒకరోజు మధ్యాహ్నం వీరభద్రం ఇప్పచెట్టు కింద బంతిగా పడున్నాడు. శశికళ, దుప్పి వచ్చి అక్కడే కూలబడ్డారు. దుప్పి బంతికి వీపు ఆనించి గీరుకున్నాడు.

"ఒరే, వీడు వింటాడేమో," అంది శశికళ.

"ఎలా వింటాడు? చెవులు లోపలికి వెళ్ళిపోయాయిగా. రాయితో సమానం." దుప్పి ఇంకాస్త గీరుకున్నాడు. "నిన్నొకటి అడగనా? మేఘగర్భం అని మాస్టారు అన్నారే, అదేమిటి?"

"నువ్వు తలూపావుగా?"

"నువ్వు ఊపావని ఊపాను."

"నేను నువ్వు ఊపావని ఊపాను."



"నువ్వు ఆరో ప్రకరణంలో ఉన్నావని జంబులింగం చెప్పాడే?" అన్నాడు దుప్పి.

"నాకు నువ్వు ఆరోదాంట్లో ఉన్నావని చెప్పాడు. ఆ రోజు నుంచి నాకు గడ్డి అరగడం లేదు. మొన్న మా అమ్మ కబురు పంపితే, బ్రహ్మాండంగా ఉందని చెప్పి పంపాను."

అలుగు చెవులు చుట్టుకున్నా పనిచేస్తాయి. చిన్నవి కాబట్టి లేవనుకుంటారంతే. లోపల చీకట్లో వీరభద్రం ఈ మాటలన్నీ విన్నాడు. చాలా రోజుల తరువాత అతని పొట్ట కదిలింది. ఏడుపనుకున్నాడు. కాదు, నవ్వు.

ఆ సాయంత్రం అటువైపు నక్క, అతని నేస్తం ఒక కాకి వచ్చారు.

"ఈ బంతి ఎన్నాళ్ళుంటుంది?" అంది కాకి.

"రెండ్రోజులు. రేపు వీడి చేత అర్జీ పెట్టిస్తున్నాను. చదువు తలకెక్కలేదు, వెళ్ళిపోతున్నాను అని. అంతా నేనే రాస్తాను, వీడు కాలిముద్ర వేస్తే చాలు. ఎల్లుండికి ఆ బొరియలో నేను కాళ్ళు చాపుకుని పడుకుంటాను."

"మరి చదువు? పరీక్షలొస్తే నువ్వేం రాస్తావు?"

"నాకు మొదటి ప్రకరణమే రాదు. తలూపడం వచ్చు. ఈ అడవిలో ఇన్నాళ్ళూ దానితోనే నెట్టుకొచ్చాను."

మర్నాడు జంబులింగం లేత టేకాకుతో వచ్చాడు. పెద్దబడిలో అర్జీలు టేకాకు మీదే. గోటితో గీస్తే అక్షరం పడుతుంది. ఇంకొన్ని లేతాకులు కాలికింద నలిపితే ఎర్రటి రసం వస్తుంది. అందులో పాదం ముంచి ఆకు చివర అద్దితే అదే సంతకం. దాన్ని కాదనడం ఎవరి వల్లా కాదు, ఎందుకంటే ఎవరి పాదం వాళ్ళదే.

నక్క అక్కడే నాలుగాకులు నలిపి రసం తీసి, అర్జీ పరిచాడు. "తమ్ముడూ, నీ బాధ చూడలేకపోతున్నాను. ఇందులో తప్పేం లేదు. ఇంటికెళ్ళు, కడుపునిండా చీమలు తిను. మిగతాదంతా నేను చూసుకుంటాను."

బంతిలోంచి ముక్కు మాత్రం బయటికొచ్చింది. "ఏం రాశావన్నా?"

"చదువు నా తలకెక్కలేదు గనుక ఇష్టపూర్వకంగా బడి మానేస్తున్నాను, గది ఖాళీ చేస్తున్నాను, అని."

"పేరు రాశావా?"

"పేరెందుకు, పాదం ఉంటుందిగా."

"నిజమే. ఎక్కడ వేయాలి? నాకు చూపు సరిగా ఆనదు."

"ఇక్కడ, చివర."

"చివరంటే కాడ వైపా, మొన వైపా?"

"మొన వైపు."

"ఎంత నొక్కాలన్నా? నా గోళ్ళు పెద్దవి. ఆకు చిరిగిందంటే మళ్ళీ నీకే రాసే శ్రమ."

కొండ మీద అప్పుడే మబ్బు పట్టింది. నక్క ఒకసారి ఆకాశం వైపు, ఒకసారి బొరియ వైపు చూశాడు. ఆత్రంలో ఉన్నవాడు పాఠం చెప్పినంత బాగా ఇంకెవరూ చెప్పలేరు.

"ఇదిగో, ఇంత. చూశావా? మెత్తగా, ఇలా పెట్టి, ఇలా తియ్యాలి."

పెట్టాడు, తీశాడు. ఇందాక ఆకులు నలిపిన కాలే అది. మొన దగ్గర నాలుగు వేళ్ళు, ఒక మెత్త, ఎర్రగా, అచ్చు దిద్దినట్టు పడ్డాయి.

"అర్థమైందన్నా," అన్నాడు వీరభద్రం. పెద్దబడిలో అతను నిజంగా ఆ మాట అన్నది అదే మొదటిసారి. ఆకుని పొట్ట దగ్గరికి లాక్కుని దాని చుట్టూ చుట్టుకున్నాడు.

నక్క లాగాడు, గీరాడు, కొరికాడు. పన్ను కదిలింది గానీ బంతి విడలేదు. ఈలోగా బంతి వాలు చూసుకుని దొర్లడం మొదలెట్టింది. దొర్లుకుంటూ దొర్లుకుంటూ పోయి, తరగతి మధ్యలో మాస్టారి ఒంటికాలి దగ్గర ఆగింది.

బకనాథం ఒక కన్ను తెరిచాడు. ఆ యేడు అదే తెరవడం. వీరభద్రం విప్పుకుని ఆకు అందించాడు. మాస్టారు చదివాడు, ముద్ర చూశాడు.

"జంబులింగం, వెళ్ళిపోతున్నావా? మంచిది."

"అది నాది కాదు మాస్టారూ, వీడిది." నక్క రొప్పుతూ వచ్చాడు.

"కాలు నీదే కదా?"

"చూపించడానికి పెట్టాను."

"ఎవరికి?"

"వీడికి."

"వీడికి బడి మానేయడం నువ్వెందుకు నేర్పుతున్నావు?"



"సరే," అన్నాడు బకనాథం. "చదువు తలకెక్కలేదని ఇందులో ఉంది. ఎక్కిందంటావా? మొదటి ప్రకరణం చెప్పు. అర్జీ చింపేస్తాను."

"మొదటి ప్రకరణం అంటే మాస్టారూ, అది చాలా ప్రాథమికమైనది. అందరికీ తెలిసిందే. మళ్ళీ చెప్పి వీళ్ళని అవమానించడం దేనికని."

"అవమానించు. పరవాలేదు."

నక్క ఆకాశం చూశాడు, నేల చూశాడు. ఇక ఏదీ తోచక తోకలో మొహం దాచుకుని చుట్టుకోబోయాడు. నక్క చుట్టుకుంటే ఎండలో పడుకున్న ఊరకుక్కలా ఉంటుంది గానీ బంతిలా ఉండదు. దుప్పి నవ్వాపుకోలేకపోయాడు. మాస్టారు ఆకు మీద ముక్కుతో ఒక పోటు పొడిచాడు. అంటే మంజూరు.

వీరభద్రం మాత్రం కూర్చోలేదు. పొలుసులు ఒకదానికొకటి తగిలి గలగలమంటున్నాయి. "మాస్టారూ, నాకూ మొదటి ప్రకరణం రాదు. మేఘగర్భం అంటే ఏమిటో తెలియదు. కానీ నేను వెళ్ళను. మళ్ళీ చెప్పండి."

తరగతిలో చీమ చిటుక్కుమనలేదు. చీమలు అప్పటికే ఇతన్ని చూసి ఎటో వెళ్ళిపోయాయనుకోండి.

"నాకూ తెలియదు మాస్టారూ," అంది శశికళ. "నాకు కూడా," అన్నాడు దుప్పి. తరువాత ఎవరు ఎవరికంటే ముందు చెప్పారో తెలియలేదు.

బకనాథం రెండో కన్ను కూడా తెరిచాడు. రెండో కాలు కూడా కింద పెట్టాడు. నోట్సు తిప్పి, అంచు రాలిపోయిన చోట చాలాసేపు చూశాడు. "నిజం చెప్పాలంటే, ఇక్కడ నాకూ సరిగా తెలియదు. అందుకే కళ్ళు మూసుకుంటాను. రండి, మొదటి నుంచి చూద్దాం."

ఆ యేడు వీరభద్రం ఏడో స్థానంలో పాసయ్యాడు. మొదటి స్థానం అని రాయవచ్చు గానీ, రాలేదు. భయం పూర్తిగా పోయిందని కూడా చెప్పను. పరీక్షల ముందు రోజు ఒక గంట చుట్టుకునేవాడు, గంటవగానే విప్పుకుని చీమలు తిని పుస్తకం పట్టేవాడు. పుట్టల దిబ్బకి యేటా ఒక సీటు ఖాయమైంది. జంబులింగం కొండ దిగి వాగు పక్కకి చేరాడు. ఎందుకొచ్చేశావని అడిగినవాళ్ళకి, పైన నీళ్ళు పడలేదని చెబుతున్నాడట.

నీతి: తరగతిలో నీకొక్కడికే అర్థం కావడం లేదని నీతో ఎవడంటాడో, ముందు వాణ్ణి పాఠం చెప్పమను.