అప్పలనాయుడి రెండో ఇంటర్వ్యూ

చాలా ఏళ్లు సైకాలజీ బోధించి రిటైరైన పేరిందేవి గారికి ఒక అలవాటుంది. శిష్యులు ఏదైనా అడిగితే ఔననీ అనరు, కాదనీ అనరు. తాను చూసిన సంగతేదో చెప్పి ఊరుకుంటారు. అడగడానికి వచ్చినవాళ్లు చాలాసార్లు వచ్చినప్పటికన్నా ఎక్కువ అయోమయంతోనే వెళ్తారు.

ఒక సాయంత్రం హైమ వచ్చింది. ఎం.ఏ. సైకాలజీకి దరఖాస్తు పెట్టుకుంటోంది. మర్నాడే ఆఖరు తేదీ.

"మేడమ్, ఈ చదువే ఎందుకు కావాలో ఒక పేజీ రాయమన్నారు. మనుషులకు సాయపడాలని రాశాను, అబద్ధంలా ఉంది. నన్ను నేను అర్థం చేసుకోవాలని రాశాను, అదీ అలాగే ఉంది. రెండూ నిజమే మరి! అసలు నాకిది కావాలో వద్దో కూడా ఇప్పుడు తెలియడం లేదు. ఏం రాయను?"

పేరిందేవి గారు చెప్పడం మొదలుపెట్టారు.

"ఒకసారి నేనూ, మరో ఇద్దరు ప్రొఫెసర్లూ ఇంటర్వ్యూలకు కూర్చున్నాం. అప్పలనాయుడనే కుర్రాడు వచ్చాడు. ఈ కోర్సు ఎందుకంటే తడుముకోకుండా చెప్పాడు. వాళ్లన్న బస్సు కండక్టరట. ఒకరోజు డ్యూటీ దిగి ఇంటికొచ్చినవాడు, ఆనాటి నుంచీ ఎవరితోనూ మాట్లాడడం లేదట. ఎందుకో తెలుసుకోవాలన్నాడు. ఆ జవాబు మా ముగ్గురికీ బాగా నచ్చింది. ఏదో మాటవరసకి, 'అన్న పక్కన ఎప్పుడైనా కూర్చున్నావా?' అన్నాను.

'లేదండి. ఈ చదువయ్యాక కూర్చుంటాను' అన్నాడు. అన్నాక, ఆ మాట ఇంకెవరో అన్నట్టు బిత్తరపోయి చూశాడు. సీటిచ్చాం. చేరలేదు.

మరుసటేడు మళ్లీ వచ్చాడు. ఈ కోర్సు ఎందుకని మళ్లీ అడిగాం. ఈసారి 'తెలీదండి' అన్నాడు.

'నిరుడు తెలుసన్నావు కదయ్యా?'

'నిరుటికి అన్న దగ్గర కూర్చోలేదు కదండీ. ఇప్పుడు రోజూ కూర్చుంటున్నాను. మాట్లాడడు. వేరుశనక్కాయలు ఒలిచి, పలుకులు నా వైపు జరుపుతాడు. మాట ఎందుకు మానేశాడో తెలీదు. నాకోసం ఎందుకు ఒలుస్తాడో తెలీదు. అవి తింటుంటే నాకు ఏడుపెందుకొస్తుందో, అదీ తెలీదు. ఒక్కణ్నీ కూర్చుని ఎంతకని ఆలోచించనండీ?'

అతను బయటికెళ్లాక మాలో మాకు తగువొచ్చింది. కారణం చెప్పలేనివాడికి మార్కులేమిటన్నారు ఒకాయన. ఇంకొకాయన పూర్తి మార్కులు వేసేశారు. నాకు ఎంత వేయాలో తోచక, పెన్ను పట్టుకుని అలాగే కూర్చున్నాను. చివరికి ఆఖరి సీటు అతనికొచ్చింది."

"చదివాడా?" అంది హైమ.

"శుభ్రంగా చదివాడు."

"మరి వాళ్లన్న? మాట్లాడాడా?"

"నేను అడగలేదు. అతను చెప్పలేదు."

హైమ లేవబోయి, మళ్లీ కూర్చుంది.

"అయితే మేడమ్, నన్ను కూడా 'తెలియదు' అనే రాయమంటారా?"

"అది అతను ఏడాదిపాటు కూర్చుని తెచ్చుకున్న మాట," అన్నారు పేరిందేవి గారు.