నిండుకున్నాయి

"దమయంతీ! ఓ దమయంతీ! ఆ ఇల్లు వదిలేసి పోతున్నావేందమ్మా?"

వీధి చివర నుంచి మాస్టారు కేకేశారు. దమయంతి ఆగింది గానీ వెనక్కి తిరగలేదు. గాలికి చేతిలో ఫారాలు టపటపా కొట్టుకుంటున్నాయి. పలకల క్వారీ మీదుగా వచ్చే గాలి అది. ఎండ ఎంత తెల్లగా ఉన్నా, ఆ గాలి వీచినంత మేరా ఊరు బూడిదరంగులోకి మారిపోయి, కలలో చూసిన ఊరిలా ఉంటుంది.

కొత్త బియ్యం కార్డుల కోసం ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాసే పని మాది. ఆరుగురం. అందరం ఇంటర్‌తో ఆగిపోయినవాళ్లమే. మాస్టారంటే బడిలో మాస్టారు కాదు. పేరు సత్యానందం. ఇలాంటి సర్వేలే ముప్పై ఏళ్లు చేసి రిటైరైన మనిషి. మాకు పని నేర్పమని ఆఫీసువాళ్లే పిలిపించారు. ఆయనకో అలవాటుంది. ఏదైనా అడిగితే ఇదీ జవాబు అని చెప్పరు. కాస్త నీడ చూసుకుని కూలబడి, ఎప్పుడో జరిగిన సంగతి ఒకటి చెబుతారు. అర్థమైందా అని కూడా అడగరు.

"ఆ ఇంటికి తలుపుంది, గోడలకి సున్నముంది మాస్టారూ," అంది దమయంతి. "అడిగితే ఏమంటారో నాకు తెలుసు. లేదనే అంటారు. పొద్దుట్నించీ అందరూ లేదనే అంటున్నారు. నా లిస్టులో ఏడు పేర్లు ఎక్కువయినయ్యంట, కొట్టేసి ఇమ్మన్నారు. నాలుగింటికి జీపొస్తది. నిజంగా లేనోళ్లెవరో, ఊరికే అనేవాళ్లెవరో ఎట్ట కనిపెట్టేది? మీరే చెప్పండి."

పెన్ను మూత తీస్తోంది, పెడుతోంది. కోపంగా మాట్లాడింది గానీ, ఆమె వేళ్లు చూస్తే అది కోపం కాదని తెలుస్తోంది.

మాస్టారు గోడవార పేర్చిన పలకరాళ్ల మీద కూర్చున్నారు. మేమూ చుట్టూ చేరాం. దమయంతి మాత్రం నిలబడే ఉంది.

"ఒక కరువేడు," అని మొదలుపెట్టారు. "ఇట్టనే కార్డులకి పేర్లు రాస్తున్నారు. ఇరవై రెండేళ్లవాడొకడు కొత్తగా ఉద్యోగంలో చేరాడు. ఫారంలో ఏడో ప్రశ్న, ఇంట్లో తిండిగింజలు ఉన్నవా, లేవా అని. చెప్పింది చెప్పినట్టు రాయాలని పైనుంచి ఆర్డరు. క్వారీ పక్క గుడిసెల్లో తిరపతమ్మ అని ఒకామె ఉండేది. మొగుడు పలకలు కోసీ కోసీ ఆ దుమ్ముకే పోయాడు. ఇద్దరు పిల్లలు. వీడు పోయేసరికి దీపాలు పెట్టే వేళయింది. గడపలో నిలబడింది, చంకలో చిన్నది. బియ్యం ఉన్నయ్యా అని అడిగాడు. నిండుకున్నయ్యి సామీ, అంది."

మాస్టారు దమయంతి చేతిలోని ఫారాల వంక చూశారు.

"ఉన్నవి అని టిక్కు పెట్టాడు."

మా జట్టులోని ఖాశిం పకపకా నవ్వాడు. "ఇంత తెలుగు రానోడికి ఉద్యోగం ఎవరిచ్చారు మాస్టారూ! మా ఇంట్లో బియ్యం అయిపోయినయ్యంటే మా అమ్మ చీపురు తీసుకుంటది. అశుభం మాటలాడతావారా, నిండుకున్నయ్యని చావు, అంటది."

అందరం నవ్వాం. దమయంతి కూడా కొంచెం నవ్వింది. మాస్టారు నవ్వలేదు.

"నెల తర్వాత పంచాయతీ ఆఫీసు ముందు పేర్లు చదివారు. తిరపతమ్మ పేరు రాలేదు. అందరూ వెళ్లిపోయిందాకా అక్కడే నిలబడింది. తర్వాత వాడి దగ్గరికొచ్చి, సామీ, నా పేరు చదవడం మర్చిపోయినట్టున్నారు, అంది. తప్పు చేశారని అనలేదు చూడండి, మర్చిపోయారని అంది. వాడు ఫారం తీసి చూపించాడు. నిండుకున్నయ్యని నువ్వే చెప్పావు గదమ్మా, అన్నాడు. ఆమె వాడి మొహంలోకి చూసింది. అయ్యో సామీ, దీపాల వేళ గడపలో నిలబడి, పిల్లల్ని పెట్టుకుని, ఆ మాట ఇంకెట్టంటారు, అంది."

నవ్వు ఎప్పుడు ఆగిపోయిందో మాకు తెలియలేదు.

"మరి ఇప్పుడను, అన్నాడు వాడు. ఇది గడప కాదు గదా, ఆఫీసు. లేవు అని ఒక్కసారి నీ నోటితో అను, కొట్టేసి మళ్లీ రాస్తాను. ఆమె నోరు తెరిచింది. చంకలో పిల్ల ఆకలికి కొంగు చప్పరిస్తోంది. ఆ పిల్ల వంక చూసింది. ఒక్క మాట, రెండక్షరాలు. ఆమె గొంతు ఆడడం వాడికి కనపడుతూనే ఉంది. చివరికి మళ్లీ, నిండుకున్నయ్యి సామీ, అనేసి వెళ్లిపోయింది."

"తర్వాత?" అంది దమయంతి. ఎప్పుడు కూర్చుందో, మా పక్కనే నేల మీద కూర్చుని ఉంది.

"తర్వాత ఏముంది. పిల్లల్ని తీసుకుని ఎటో కూలికి పోయింది. ఎటు పోయిందో ఎవరికీ తెలీదు. గుడిసెకి తాళం కూడా వెయ్యలేదు. తాళం వేసి దాచుకోవాల్సింది లోపలేమీ లేదు."

గాలి ఆగింది. దూరంగా క్వారీలో రాయి మీద సుత్తి దెబ్బ ఒకటి, కాసేపాగి ఇంకొకటి. ఆ తల్లి ఏ రోడ్డు మీద నడుచుకుంటూ పోయిందో, చిన్నదాన్ని ఏ చంకలోంచి ఏ చంకకి మార్చుకుందో అనుకుంటుంటే నాకు కూర్చోబుద్ధి కాలేదు. లేచాను, మళ్లీ కూర్చున్నాను.

దమయంతికి ఆ గుమాస్తా మీద కూడా జాలేసింది. ఆమెది అంత మెత్తని మనసు.

"వాడూ పాపం మాస్టారూ," అంది. "ఏ హాస్టల్లోనో పెరిగుంటాడు. వంటింటి మాటలు మొగపిల్లలకి ఎవరు నేర్పుతారు? తెలియక రాశాడు. తెలిస్తే ఎవరన్నా అట్ట రాస్తారా?"

మాస్టారు కండువాతో కళ్లద్దాలు తుడిచారు. పెట్టుకున్నారు. తీసి మళ్లీ తుడిచారు. ఆయన అలా తడబడడం మేమెప్పుడూ చూడలేదు.

"సత్యం, బియ్యం నిండుకున్నయ్యిరా, పక్కింటికి పోయి సోలెడు అడిగి తీసుకురా అని మా అమ్మ ప్రతి నెలాఖరుకీ అనేది," అన్నారు. "ఆ సోల పట్టుకుని ఎన్ని గడపలు తొక్కానో. అప్పుడు నన్నూ పదకొండు పేర్లు తగ్గించమన్నారమ్మా. పది కొట్టేశాను. పదకొండోది దొరకలేదు. ఆ సాయంత్రం ఆమె నోటివెంట ఆ మాట వచ్చింది."

దమయంతి పెన్ను కింద పెట్టేసింది.

"రాసింది నేనే. అర్థం తెలిసే రాశాను."